ఆ లింకు పంపింది నేనే

2024 మార్చి 19, అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో ముగ్గురం, ఒక లాప్‌టాప్, ఒక గిన్నెడు మ్యాగీ. అక్కడ శాన్‌హోసేలో పట్టపగలు. మామూలుగా ఐస్ హాకీ ఆటలు జరిగే స్టేడియంలో ఎన్విడియా వాళ్ల జీటీసీ సభ. నల్ల లెదర్ జాకెట్ వేసుకుని జెన్సెన్ హువాంగ్ వచ్చి, మీరు వచ్చింది మ్యూజిక్ కచేరీకి కాదు, గుర్తుంది కదా అన్నట్టు జోకేశాడు. జనం మాత్రం కచేరీకి వచ్చినట్టే అరుస్తున్నారు. నిజం చెప్పాలంటే మేమూ అరిచాం. పక్క ఫ్లాట్ ఆంటీ మర్నాడు అడిగింది కూడా, రాత్రి మ్యాచ్ ఏమైనా ఉందా అని.

ఆ రోజు ఆయన చూపించింది జీబీ200 ఎన్‌వీఎల్72 అనే ర్యాక్. సర్వర్ ర్యాక్ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తా: మనిషికన్నా కొంచెం ఎత్తున ఉండే ఇనుప బీరువా. అందులో సర్వర్లు అరల్లాగా ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ఈ కొత్త బీరువాలో 72 జీపీయూలు, 36 సీపీయూలు. జీపీయూలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వెనకవైపు 5,000 రాగి కేబుళ్లు. విప్పి పరిస్తే రెండు మైళ్ల పొడవు. రాగి బదులు ఆప్టికల్ ఫైబర్ వాడి ఉంటే, ఆ లైటుని పంపే పరికరాలకే ఇంకో 20 కిలోవాట్లు పోయేవట. మొత్తం కలిపి ఒకే పెద్ద జీపీయూలా పని చేస్తుందన్నది వాళ్ల మాట.

2016లో ఇదే హువాంగ్ డీజీఎక్స్-1 అనే డబ్బాను స్వయంగా తీసుకెళ్లి ఓపెన్‌ఏఐ వాళ్లకి ఇచ్చాడు. దాని శక్తి 0.17 పెటాఫ్లాప్స్. ఎన్‌వీఎల్72ది 720. ఎనిమిదేళ్లలో!

మా గ్రూపులో మెసేజ్‌లు వరద. ఒకడు బీరువా పక్కన దండం పెడుతున్న మీమ్. ఇంకొకడు ‘మన జీతాలకి ఇందులో ఒక కేబుల్ వస్తుందా’ అని. నేను రెండు గంటల నలభైకి ఆ వీడియో లింకుని మా టీమ్ గ్రూపులో పడేశా. కింద మూడు నిప్పు ఎమోజీలు, ‘ఇక మిగతావన్నీ పాత ఇనుమే’ అని ఒక వాక్యం. ఆ గ్రూపులో మా పెద్ద సార్ కూడా ఉన్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే పెట్టా. మనకి ఎంత తెలుసో పైవాళ్లకి తెలియాలి కదా మరి.

ఇప్పుడు అసలు సంగతి. మేము చేసేది ఫోన్ కాల్స్‌ని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్. తెలుగు, తమిళం, హిందీ. కస్టమర్ల గొంతులు మా చేయి దాటి బయటికి పోకూడదని కొందరు క్లయింట్లు పట్టుబట్టారు. పైగా అద్దె క్లౌడ్ బిల్లు చూస్తే గుండె ఆగేది. అందుకని సొంతంగా రెండు సర్వర్లు కొందామని ప్రపోజల్ రాసింది నేనే. ఒక్కోదాంట్లో 8 హెచ్100 జీపీయూలు. ఏడాదిలో ఐదుసార్లు తిరిగి వచ్చింది ఆ ఫైలు. ఆఖరికి ఆర్డర్ వెళ్లింది, ఏప్రిల్‌లో సరుకు వస్తుందన్నారు. రెండో సర్వర్‌ని చూసుకోవడానికి ఒక కుర్రాణ్ని ఆరు నెలల కాంట్రాక్ట్ మీద తీసుకున్నాం. మహబూబ్‌నగర్ వైపు ఊరు. రోజూ వచ్చి అడిగేవాడు, “అక్కా, ఆ రెండోది ఎప్పుడొస్తది?” అని.

మార్చి 19 పొద్దున పదిన్నరకి పెద్ద సార్ పిలిచారు. ల్యాప్‌టాప్‌లో నేను పంపిన వీడియోనే ఆగి ఉంది.

“నువ్వే కదా పాత ఇనుమన్నావు. మరి మనం ఆ పాత ఇనుముకి ఇన్ని కోట్లు ఎందుకు పెడుతున్నాం? ఆర్డర్ ఆపించు. కొత్తది వచ్చాక చూద్దాం.”

ఏం చెప్పాలో తోచలేదు. నా మాటే నాకు అడ్డం తగిలింది.

రెండు వారాలు టైమ్ అడిగా. కూర్చుని నిదానంగా ఆ సభలో చెప్పిన అంకెల్ని మళ్లీ చూశా. మొదట పట్టుకున్నది ‘ఎక్సాఫ్లాప్స్’ మాటని. ఒకే ర్యాకులో ఎక్సాఫ్లాప్స్ మెషీన్ అని స్టేజీ మీద చెప్పారు, పేపర్లన్నీ అదే రాశాయి. అమెరికాలో ఓక్‌రిడ్జ్‌లోని ఫ్రాంటియర్ సూపర్ కంప్యూటర్ 2022లో ఒక ఎక్సాఫ్లాప్ దాటినప్పుడు అది లెక్కపెట్టింది 64 బిట్ల సంఖ్యలతో. ఇక్కడ ర్యాకుకి చెప్పిన 1.4 ఎక్సాఫ్లాప్స్ 4 బిట్ల సంఖ్యలతో. 4 బిట్లంటే మొత్తం 16 విలువలే! బంగారం కొట్టు త్రాసునీ, కూరగాయల బండి తక్కెడనీ పక్కపక్కన పెట్టి, గంటకి ఎవరెన్ని తూకాలు వేశారని అడిగినట్టుంది. ఏఐ మోడల్స్‌కి చాలాచోట్ల కూరగాయల తూకం సరిపోతుంది, కాబట్టి అది మోసం అనను. కానీ రెండూ ఒకటే అని చప్పట్లు కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నా. ఇంజినీరింగ్‌లో ఫ్లోటింగ్ పాయింట్ మీద పదమూడు మార్కుల ప్రశ్న రాసినదాన్ని.

తర్వాత ఉగాది వచ్చింది. ఊరెళ్లా.

మాది పల్నాడు. రెంటచింతలకి దగ్గర. ఎండాకాలం టీవీలో ‘రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత’ అని వచ్చినప్పుడల్లా మా వాళ్లకి అదో గర్వం. నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. వేపపువ్వు పచ్చడి తింటూ నా గోల చెప్పుకుంటే, ఆయన అడిగిన మొదటి మాట ఎక్సాఫ్లాప్స్ గురించి కాదు.

“ఎంత లోడమ్మా అది?”

“120 కిలోవాట్లు నాన్నా.”

“ఎన్ని బీరువాలకి?”

“ఒక్కదానికే.”

నాన్న గిన్నె కింద పెట్టారు. “మన చెరువు కట్ట కింద ట్రాన్స్‌ఫార్మర్ 100 కేవీఏ. దాని మీదే ఆ పక్క పొలాల మోటార్లన్నీ. నీ బీరువా ఒక్కదానికే అది చాలదు. 5 హెచ్‌పీ మోటార్లయితే లెక్కకి 32 ఆడతాయి. ఇంతకీ మీ ఆఫీసుకి ఎంత ఇచ్చారు కరెంటు?”

మా ఆఫీసులో కాదు, మేం సర్వర్లు పెట్టుకునేది ఒక అద్దె డేటా సెంటర్‌లో. అక్కడ మాకు ర్యాకుకి 6 కిలోవాట్లు. హెచ్100 సర్వర్ ఒక్కటే గరిష్ఠంగా 10 కిలోవాట్లు లాగుతుంది. అందుకే ఒక్కో సర్వర్‌కి రెండేసి ర్యాకుల అద్దె కట్టి, ఒకటి ఖాళీగా వదిలేయాల్సి వస్తోంది. ఈ లెక్క నా ప్రపోజల్‌లో ఎక్కడో 14వ పేజీలో ఉంది. నేనే మర్చిపోయా.

“బరువెంత?” నాన్న ఆగలేదు.

“1.36 టన్నులు.”

“చల్లబరిచేది ఫ్యాన్లా?”

“నీళ్లు. సెకనుకి రెండు లీటర్లు లోపలికి పోతాయి. 25 డిగ్రీల దగ్గర పోయి 45 దగ్గర బయటికొస్తాయి.”

నాన్న నవ్వారు. “అయితే నువ్వు కొనాల్సింది సర్వర్ కాదు. బోరూ సబ్‌స్టేషనూ.”

ఏడాదిన్నరగా నేను విన్న కాన్ఫరెన్సులన్నిటికన్నా ఆ పది నిమిషాలు ఎక్కువ పనికొచ్చాయి. తిరుగు బస్సులోనే మెయిల్ రాసుకున్నా. కొత్త ర్యాకు మనకి చాలా బాగుంటుంది, కానీ దాన్ని పెట్టే గది మన దగ్గర లేదు. అలాంటి గది కట్టేసరికి అదీ పాతదవుతుంది. గాలితో చల్లబడే 8 జీపీయూల బీ200 సర్వర్ కూడా వస్తుంది, అదొక్కటే 14 కిలోవాట్లు, మన 6 కిలోవాట్ల ర్యాకులు మూడు కావాలి. స్టేజీ మీద చూపించిన తేదీకీ, హైదరాబాద్‌లో ట్రక్కు దిగే తేదీకీ మధ్య ఎన్ని నెలలో ఎవరూ రాసివ్వరు. మనకి కాల్స్ మాత్రం రేపు పొద్దున కూడా వస్తాయి.

మీటింగ్ గంటన్నర జరిగింది. పెద్ద సార్ సగం ఒప్పుకున్నారు. అంటే అక్షరాలా సగం: ఒక సర్వర్ తెప్పిద్దాం, రెండోది క్యాన్సిల్.

రెండోది లేనప్పుడు రెండోదాని కోసం మనిషెందుకు? ఆ కుర్రాడి కాంట్రాక్ట్ ఆగస్టులో అయిపోయింది, పొడిగించలేదు. వెళ్లేరోజు వచ్చి ఐడీ కార్డు ఇస్తూ, “మీరు మస్తు ఫైట్ చేసిండ్రంట గదా అక్కా, థాంక్స్,” అన్నాడు. మార్చి 19 రాత్రి ఆ గ్రూపులో వాడు లేడు. లింకు ఎవరు పంపారో వాడికి తెలియదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు బెంగళూరులో ఏదో కంపెనీలో చేస్తున్నాడు, దీపావళికి మెసేజ్ పెడతాడు.

అదే ఆగస్టులో బ్లాక్‌వెల్ చిప్‌లు ఆలస్యమవుతున్నాయని వార్తలొచ్చాయి. అక్టోబర్‌లో హువాంగే ఒప్పుకున్నాడు, డిజైన్‌లో లోపం ఉందని, తప్పు పూర్తిగా ఎన్విడియాదేనని. లోపం సరిచేశారు, కానీ ర్యాకులు చెప్పుకోదగ్గ సంఖ్యలో బయటికి రావడం 2025లోనే. అప్పటికి మా సర్వర్ ఏడాదిపాటు రాత్రింబవళ్లు తిరిగింది. పెద్ద సార్‌కి ఆ వార్తలేవీ ఫార్వర్డ్ చేయలేదు. చేయాలని వేలు చాలాసార్లు దురద పెట్టింది.

2025 మార్చి సభలో హువాంగ్ ఇంకో మాటన్నాడు. బ్లాక్‌వెల్ ఊపందుకున్నాక హాపర్ చిప్‌లు, అంటే మావి, ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరని. తన కంపెనీ ఆదాయాన్ని పాడుచేసే పెద్దాఫీసర్ తనేనని నవ్వించాడు కూడా. హాల్లో అందరూ నవ్వారు. అమ్మేవాడికి అది జోకు. ఏడాది తిరిగి, ఐదు సంతకాలు పెట్టించుకుని కొన్నవాడికి ఎలా ఉంటుందో నన్నడగండి. 2027కి ఒక్కో ర్యాకు 600 కిలోవాట్లన్న ప్లాన్ కూడా అప్పుడే చూపించారు. నాన్నకి ఫోన్లో చెప్తే వెంటనే లెక్క వేశారు: “మన ఊరి సబ్‌స్టేషన్ 5 ఎంవీఏ. ఎనిమిది బీరువాలు పెడితే ఊరంతా చీకటే.”

అదే ఏడాది అక్టోబర్‌లో విశాఖలో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, గిగావాట్ స్థాయి. వాట్సాప్ స్టేటస్‌లన్నీ జెండాలే. నాకూ సంతోషమే, మా బ్యాచ్‌లో సగం మంది ఉద్యోగాల కోసం రాష్ట్రం దాటినవాళ్లే. కానీ ఇప్పుడు గిగావాట్ అన్న మాట వినగానే నా బుర్ర నాన్న బుర్రలా తిరుగుతోంది. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంట్ మొత్తం 2,000 మెగావాట్లు. అందులో సగం. ఆ కరెంటు ఏ లైన్ల మీద వస్తుంది, నీళ్లు ఎక్కడివి, వేసవి సాయంత్రం అందరి ఇళ్లలో ఏసీలు తిరిగే వేళ ఎవరికి ముందు? ఈ ప్రశ్నలు వేస్తే ‘నెగెటివ్’ అంటున్నారు మా గ్రూపులో. లైన్‌మన్ కూతురు ఇంకేం అడుగుతుంది?

ఈ జనవరిలో లాస్‌వెగాస్‌లో మళ్లీ కొత్త ర్యాకు, వేరా రూబిన్. ఈసారి విశేషం ఏంటంటే 45 డిగ్రీల నీళ్లతోనే చల్లబడుతుందట, నీళ్లని చల్లార్చే చిల్లర్లు అక్కర్లేదన్నారు. చిల్లర్లు తయారుచేసే పెద్ద కంపెనీల షేర్లు మర్నాడే పడ్డాయి. వినడానికి వింతగా ఉన్నా అందులో మాయ లేదు. కాగిన పాలగిన్నెని కుళాయి నీళ్ల పళ్లెంలో పెడితే చల్లారుతుంది కదా, నీళ్లు పాలకన్నా చల్లగా ఉంటే చాలు. చిప్ అంతకన్నా బాగా వేడిగా ఉంటుంది కాబట్టి 45 కూడా దానికి చల్లదనమే. అయితే వేడెక్కి బయటికొచ్చిన నీళ్లని మళ్లీ 45కి తేవాలంటే బయటి గాలి అంతకన్నా చల్లగా ఉండాలి.

ఆ రాత్రి టీమ్ గ్రూపు తెరిచా. లింకు కాపీ చేసి ఉంది. పేస్ట్ చేశా, చెరిపేశా. పెద్ద సార్ ఆన్‌లైన్‌లోనే ఉన్నారు.

అదే లింకు నాన్నకి పంపా, 45 డిగ్రీల ముక్క ఏ నిమిషంలో వస్తుందో రాసి. పొద్దున ఆరింటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక కోళ్ల అరుపులు, అమ్మ ఎవరితోనో మాట్లాడుతున్న చప్పుడు.

“చూశానమ్మా. బాగానే ఉంది. కానీ మే నెలలో ఒక్కసారి రెంటచింతల వచ్చి పెట్టమను, అప్పుడు చూద్దాం. ఇంతకీ నీ సర్వర్‌కి ఫ్యాన్ పోయిందన్నావు, మార్చారా?”

మార్చాం. ఇంకోటి చప్పుడు చేస్తోంది.