ఎక్కడ ఆపాలో తెలియడం

జపాను యానిమేషన్ చిత్రాలను అనిమే అంటారు. అభిమానులు ఆ చిత్రాలలోని దృశ్యాలను ఏరి, క్రమం మార్చి, ఒక స్వరానికి తగినట్లు కూర్చి చిన్న వీడియోలు చేస్తుంటారు. ఈ వ్యాపకం నేటిది కాదు. 1982లో అమెరికాలో జిమ్ కాపోస్టస్ అనే యువకుడు రెండు వీసీఆర్‌లను కలిపి ఇటువంటి వీడియో తయారుచేశాడు. దీనికి ఆద్యుడిగా ఆయననే చెబుతారు. నేడు ‘డావిన్చి రిజాల్వ్’ వంటి సాఫ్ట్‌వేరు ఉచితంగా లభిస్తున్నందున ఇంటి కంప్యూటరుపైనే ఆ పని సాధ్యం.

యాభై దాటిన మద్రసా ఉపాధ్యాయులకు ఇదేమి పని అని పాఠకులు అడగవచ్చు. మా చెల్లెలి కుమారుడు సత్తెనపల్లిలో మా ఇంట ఉండి ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. రాత్రివేళ తలుపు మూసుకొని ఈ వీడియోలు కూర్చేవాడు. గద్దిస్తే పిల్లవాడు మరింత చాటుకు పోతాడే తప్ప మానడు. అందుచేత “మాకూ నేర్పు” అని అడిగాము. ఇషా నమాజు తరువాత అరగంట, అదీ చదువు పూర్తయిన రోజులలోనే అని నియమం పెట్టుకున్నాము. అసభ్య దృశ్యాలు వద్దని, వాద్యాలకు బదులు గొంతుతో పాడిన నషీదులు చాలునని ఇద్దరమూ అంగీకరించాము. చిత్రాల విషయంలో, సంగీతం విషయంలో ఉలమాల మధ్యనున్న చర్చ తెలిసినదే; మా ఇంటి హద్దును మేము ఇలా గీసుకున్నాము. ఇతరుల శ్రమను వాడుకుంటున్నాము గనుక వీడియో చివర అసలు చిత్రం పేరు రాస్తాము, దానితో సంపాదించము.

మొదట ఎంచుకున్నది ‘కెప్టెన్ త్సుబాసా’ అనే ఫుట్‌బాల్ కథ. 1983లో జపాను టీవీలో మొదలైన ఈ ధారావాహిక అరబ్బు దేశాల పిల్లలకు ‘కెప్టెన్ మాజిద్’గా చిరపరిచితం. ఇందులో సెకనుకు 24 ఫ్రేములుంటాయి. ఖర్చు, శ్రమ తగ్గించడానికి అనిమేలో సాధారణంగా ఒకే బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలుపుతారు. కోత ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా పక్క దృశ్యపు తునక మెరుపులా మెరిసి పోతుంది. “మామూ, ఇక్కడ ఒక ఫ్రేము మిగిలిపోయింది, చూడండి” అని వాడు చూపేవాడు. ఒక నిమిషం వీడియోకు పదిహేను రాత్రులు పట్టింది.

అయినా ఈ విద్య మాకు పరాయిదిగా తోచలేదు. తజ్వీద్‌లో వఖ్ఫ్ పాఠం, అనగా పారాయణంలో ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగరాదు అనే పాఠం, మేము ఏళ్ల తరబడి బోధిస్తున్నదే. మావూన్ సూరాలో 4వ ఆయతు వరకే చెప్పి ఊరుకుంటే నమాజు చేసేవారినే నిందించినట్లు వినిపిస్తుంది. 5వ ఆయతు కలిసినప్పుడే ఆ హెచ్చరిక నమాజు పట్ల అశ్రద్ధ చూపేవారికని తేటపడుతుంది. దృశ్యాలదీ అదే తీరు. స్నేహితుని గెలుపు చూసి నవ్విన పిల్లవాని ముఖాన్ని, మరొకడు కిందపడిన దృశ్యం తరువాత అతికించి మా వాడు చూపించాడు. ఆ నవ్వు ఎగతాళి అయిపోయింది! ముఖం మారలేదు, దాని ముందున్నది మారింది. రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ శతాబ్దం క్రితమే దీనిని ప్రయోగం చేసి చూపాడు.

కొంతకాలానికి మా మొహల్లా వాట్సాప్ గ్రూపులో ఒక బయాన్ ముక్క తిరిగింది. అందులో వక్త పొరుగువారిని దూషించినట్లు ఉంది. మాటలు పెరిగి, రెండు కుటుంబాల మధ్య సలాము కూడా ఆగిపోయింది. మా వాడు దానిని రెండుసార్లు విని, “మామూ, ఇక్కడ ఊపిరి సగంలో తెగింది. వెనుక ఫ్యాను చప్పుడు కూడా ఒక్కసారిగా మారింది. మధ్యలో కోశారు” అన్నాడు. పూర్తి రికార్డింగు తెప్పించి విన్నాము. వక్త ఆ దూషణను ఇతరుల మాటగా చెప్పి ఖండించారు. మరునాడు అస్ర్ తరువాత పెద్దలు దానిని అందరికీ వినిపించారు. వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోవాలన్న హుజురాత్ సూరా 6వ ఆయతును మేము తరగతిలో ఎన్నిసార్లు బోధించామో! ఆ రోజు దానిని ఆచరణలో పెట్టినవాడు మా ఇంటి పిల్లవాడు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లల చేతిలోని పని ఏమిటో తెలియకుండా దానిపై తీర్పు చెప్పకండి. కొన్నాళ్లు వారి పక్కన కూర్చొని నేర్చుకోండి. హద్దులు అప్పుడు చెబితే వింటారు. కోయడం తెలిసిన చేతికి, ఏది కోయరాదో చెప్పే పెద్దలు కావాలి. ఇతరుల మాట మన చేతిలో అమానతు; దానిని అర్థం చెడకుండా అప్పగించడం మన బాధ్యత.