గది తాళం చేతికి వచ్చేలోగా

చదువు కోసం ఐరోపా వెళ్ళే మన విద్యార్థులలో చాలామందికి తొలి చిక్కు ఒకటే. విమానం టిక్కెట్టు సెప్టెంబరు మధ్యలో చవకగా దొరుకుతుంది. వసతిగృహంలో గది మాత్రం అక్టోబరు 1న గాని చేతికి రాదు. 2018లో ఒక సెమిస్టరు చదువుకోవడానికి జర్మనీలోని ఫ్రైబుర్గ్‌కు వెళ్ళినప్పుడు నాకూ అలా పదహారు రోజులు మిగిలాయి. పెద్ద పెట్టెను ఒక సీనియర్ గదిలో ఉంచి, వీపుసంచిలో రెండు జతల బట్టలు, ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి, ధ్రువపత్రాల ఫైలు సర్దుకుని బయలుదేరాను. జర్మనీ ఇచ్చిన దీర్ఘకాలిక వీసాతో మిగిలిన షెంగెన్ దేశాలలో ప్రతి 180 రోజులకు 90 రోజుల వరకూ తిరగవచ్చు. అంతకు మించిన ప్రణాళిక నాకేమీ లేదు.

అప్పటికింకా విద్యార్థిని కాను; యాత్రికుణ్ణి అనుకోవడానికి జేబు ఒప్పుకోదు. ఖర్చుపెట్టే ప్రతి యూరోనూ మనసు అప్పటి ధరలో ఎనభై పైచిలుకు రూపాయలుగా మార్చి చూపిస్తూనే ఉండేది.

ఈ మారకపు లెక్క మా ఇంట్లో కొత్తది కాదు. మా నాయనమ్మ పుట్టింది నైజాం ఇలాకాలో, మెట్టింది కృష్ణా జిల్లా జగ్గయ్యపేటలో. ఆవిడ చిన్నతనంలో ఈ రెంటి మధ్యా సరిహద్దు ఉండేది. అటు హాలీ సిక్కా, ఇటు కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. దారిలో నిజాం ప్రభుత్వపు కరోడ్‌గిరి నాకా, అంటే సుంకపు ఠాణా. 1948లో, రజాకార్ల రోజుల్లో, పదేళ్ళ పిల్లగా ఆవిడ తల్లి చెయ్యి పట్టుకుని ఒక రాత్రి ఆ గీత దాటి ఇటు వచ్చింది. మరి నేను ప్రయాణమవుతుంటే ఆవిడకు తోచిన సందేహం ఒక్కటే: "ఒక దేశం దాటి ఇంకో దేశం పోతావు గదా బిడ్డా, నాకా కాడ ఏం చెప్తావు?"

ఇప్పుడక్కడ నాకాలు లేవని చెప్పాను. ఆవిడ నమ్మినట్లు లేదు.

మొదటి మజిలీ బాసెల్ ఆవిడ అనుమానాన్ని కొంత బలపరచింది. స్విట్జర్లాండుకు చెందిన ఆ ఊళ్ళో జర్మనీ రైల్వే నడిపే స్టేషను ఒకటుంది. స్విస్ స్టేషనులోనే ఒక పక్క ఫ్రెంచి రైళ్ళ విభాగం మరొకటి. స్విట్జర్లాండు ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం కాదు, షెంగెన్‌లో మాత్రం 2008 నుంచి ఉంది. కాబట్టి మనిషిని ఆపరు, సరుకును ఆపవచ్చు. నా కారప్పొడి ఏ కోవకు వస్తుందోనని కాసేపు బెంగపడ్డాను గాని, ఎవరూ అడగలేదు.

వెనిస్ గురించి రాయను. దాన్ని గురించి రాయనివారు లేరు. నన్ను పట్టుకున్నవి అక్కడి నీళ్ళు కావు, రైలు స్టేషనులోని ప్రకటనలు. ఒక్కొక్క మాటా అచ్చుతో ముగుస్తూ, మధ్యలో ద్విత్వాల మీద ఆగి ఆగి సాగుతూ ఉంటే, అర్థం తెలియకపోయినా చెవికి పరాయితనం తెలియలేదు. అమ్మమ్మను వాళ్ళు 'నొన్నా' అంటారు. ఈ ఒక్క మాటకే నాకు ఇటలీ సగం చుట్టరికమైపోయింది.

బొలోన్యాలో రెండు రోజులున్నాను. 1088లో మొదలైనట్లు చెప్పుకునే విశ్వవిద్యాలయం అక్కడిది. పదహారో శతాబ్దంలో దానికోసం కట్టిన ఆర్కిజిన్నాసియో భవనంలో గోడల మీదా కప్పుల మీదా ఎక్కడా జాగా లేకుండా వేలకొద్దీ విద్యార్థుల కులచిహ్నాలు ఉన్నాయి. విద్యార్థులను అప్పట్లో 'జాతులు'గా విభజించేవారట: ఆల్ప్స్ పర్వతాలకు ఇవతలివాళ్ళు, అవతలివాళ్ళు. పరదేశంలో చదువుకోవడం ఇంత పాత అలవాటని తెలిసి కొంచెం ధైర్యం వచ్చింది. కొండలకు అవతలివాళ్ళ జాబితాలో నేనూ చేరతానేమోనని కాసేపు మెడ నొప్పి పుట్టేదాకా కప్పు చూశాను.

అక్కడి నుంచి మ్యూనిక్‌కు రాత్రి బస్సు. బ్రెన్నర్ కనుమ దగ్గర ఇటలీ ఎప్పుడు ముగిసిందో ఆస్ట్రియా ఎప్పుడు మొదలైందో నిద్రలో తెలియనే లేదు. తెల్లవారుజామున జర్మనీ సరిహద్దులో మాత్రం బస్సు ఆగింది. 2015 సెప్టెంబరు నుంచి ఆస్ట్రియా వైపు తనిఖీలు మళ్ళీ మొదలయ్యాయి. అధికారులిద్దరు ఎక్కి, చాలామంది గుర్తింపు కార్డులను కళ్ళతోనే చూసి ముందుకు సాగారు. నా దగ్గర ఆగారు. పాస్‌పోర్టు, వీసా, విశ్వవిద్యాలయం ఉత్తరం చూశాక ఫైలు మొత్తం ఇమ్మన్నారు. మర్యాదగానే అడిగారు, ఆ మాట చెప్పాలి. అందులోని జనన ధ్రువపత్రంలో కోదాడ, నల్లగొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంది; పాస్‌పోర్టులో కోదాడ, తెలంగాణ అని ఉంది. ఏది నిజమని ప్రశ్న.

రెండూ నిజమే. నేను మా అమ్మ పుట్టింట్లో, 1997లో పుట్టాను. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. కోదాడ అటు, జగ్గయ్యపేట ఇటు. నాయనమ్మ పదేళ్ళ వయసులో దాటిన సరిహద్దు, 1956 నవంబరు 1న రాష్ట్రాల మధ్య నుంచి తొలగిపోయి, యాభై ఎనిమిదేళ్ళ తరవాత దాదాపు అదే చోట మళ్ళీ లేచింది. ఇదంతా ఆ చీకట్లో, వచ్చీరాని జర్మన్‌లో ఎలా చెప్పడం? "ఊరు కదల్లేదు, రాష్ట్రం మారింది" అన్నాను. ఆయన ఒక క్షణం నా ముఖం చూసి, కాగితాలు సర్ది ఇచ్చేశాడు. బస్సు కదిలాక కూడా పక్క సీటాయన నా వైపు తిరగలేదు.

సెప్టెంబరు 29న స్ట్రాస్‌బూర్ చేరాను. ఫ్రైబుర్గ్‌కు దగ్గర కాబట్టి చివరి మజిలీగా ఎంచుకున్నాను, అంతే. ఆ ఊరు 1871లో ఫ్రాన్సు నుంచి జర్మనీకి, మొదటి ప్రపంచయుద్ధం తరవాత ఫ్రాన్సుకు, 1940లో మళ్ళీ జర్మనీ చేతికి, 1944 నవంబరులో తిరిగి ఫ్రాన్సుకు వెళ్ళింది. 1870లో అక్కడ పుట్టి, 75 ఏళ్ళు బతికి, ఇంటి గడప దాటని ముసలమ్మ ఎవరైనా ఉంటే, ఆమె నాలుగుసార్లు దేశం మారినట్లు. నా ధ్రువపత్రాలు దాని ముందు ఏపాటి?

రిపబ్లిక్ కూడలిలో ఒక స్మారక శిల్పం ఉంది. ద్రివియే అనే శిల్పి చెక్కినది, 1936లో ఆవిష్కరించారు. ఒక తల్లి, ఆమె ఒడిలో ఒరిగిపోతున్న ఇద్దరు కొడుకులు. ఒకడు ఫ్రాన్సు తరఫున, ఒకడు జర్మనీ తరఫున పోరాడి చచ్చిపోయినవాళ్ళు. ఇద్దరి ఒంటి మీదా సైనిక దుస్తులు లేవు. ఎవడు ఏ సేనవాడో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. ఫ్రాన్సులోని ఊరూరా యుద్ధస్మారకాల మీద సాధారణంగా కనిపించే 'ఫ్రాన్సు కోసం' అన్న మాట ఇక్కడ లేదు. 'మా మృతులకు' అని మాత్రమే ఉంది. ఆ శిల్పం నెలకొల్పిన ఆరేళ్ళకే, 1942 ఆగస్టు నుంచి, ఆల్జాస్ కుర్రాళ్ళను లక్షమంది దాకా జర్మన్ సేన బలవంతంగా చేర్చుకుంది. శిల్పి అది ఊహించి ఉండడు. నేను అక్కడ బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. ఆ పదహారు రోజుల్లోనూ నేను ఊరికే కూర్చున్నది అక్కడే.

మర్నాడు ట్రాము ఎక్కి రైను నది దాటాను. 2017 ఏప్రిల్ నుంచి ఆ ట్రాము నదికి అవతల జర్మనీలోని కేల్ దాకా వెళుతోంది. పెట్టెలో జనం ఖాళీ సంచులతో ఉన్నారు. సిగరెట్లు, సబ్బులు, డైపర్లు అవతలి ఒడ్డున చవక. (గరికపాడు దగ్గర మనవాళ్ళు పెట్రోలు కోసమూ, పెట్రోలు కాని మరొక ద్రవం కోసమూ ఇటూ అటూ దాటడం మీకు తెలిసిందే.) నది పొడుగునా చూస్తూ కూర్చున్నాను; వంతెన ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయింది. అయితే ఆ దారి కూడా శాశ్వతం కాదని తరవాత తేలింది. 2020 మార్చిలో మహమ్మారి కారణంగా ఆ సరిహద్దు మూసి, జూన్ 15 దాకా తెరవలేదు. అదే మార్చిలో హైదరాబాదు హాస్టళ్ళ నుంచి ఇళ్ళకు బయలుదేరిన పిల్లలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీద పడిగాపులు పడ్డారు.

కేల్ స్టేషనులో రైలు కోసం ఆగినప్పుడు ఇంటికి ఫోను చేశాను. నాయనమ్మకు నాకా సంగతి చెప్పాను: ఒకచోట ఆపారు, మిగిలిన చోట్ల లేదు, ఇప్పుడే ట్రాములో ఒక దేశం దాటి వచ్చాను, అడిగినవాడు లేడు. "అట్లనా" అంది. తరవాత ఆ శిల్పం గురించి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. సిగ్నలు పోయిందేమో అనుకున్నాను.

"ఇద్దరిలో పెద్దోడు ఎవరు బిడ్డా?" అంది.

నాకు తెలియదు. ఆ శిల్పంలో అది చెప్పే గుర్తు కూడా లేదు. అదే చెప్పాను. ఇంతలో రైలు వచ్చింది.

మర్నాడు ఉదయం గది తాళం ఇచ్చారు. పాఠాలు మొదలవడానికి ఇంకా రెండు వారాలుంది. కారప్పొడి సీసాను కిటికీ గట్టు మీద, ఫైలును బీరువా పై అరలో పెట్టి, బట్టలు ఉతకడానికి కిందికి దిగాను.