ముందు అరవడం నేర్పండి

మాది పాడేరు దగ్గర ఊరు. విశాఖ వచ్చిన కొత్తలో కాంప్లెక్స్ రద్దీలో ఒకడు నా చెయ్యి పట్టుకుంటే గొంతు పెగల్లేదు. చదువు మాన్పించేస్తారని ఇంట్లో కూడా చెప్పలేదు. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మరి.

తర్వాత కరాటే నేర్చుకున్నా. ఇప్పుడు ఆదివారాలు హాస్టల్ పిల్లలకు నేర్పుతున్నా. ఒకినావాలో ఇతోసు అంకో గారు బడిపిల్లల కోసం కూర్చిన పినాన్ కటాలే మావీనూ. కానీ ముందు కియాయ్, అంటే గట్టిగా అరవడం. తర్వాత, పట్టుకున్నవాడి బొటనవేలి వైపు మణికట్టు తిప్పి లాగడం. పట్టు అక్కడే బలహీనం. విడిపించుకోగానే పరుగు. ఆగి కొట్టొద్దు. నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పాలి, లేదా 1098కి ఫోన్ చేయాలి.

మొన్న ఎప్పుడూ తలెత్తని ఒక పాప అరిచిన అరుపుకి వంటమనిషి బయటికొచ్చేసింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు నా దగ్గర లేనిది అదే.