కొయ్యకుండా కట్టిన బండి

విద్యార్థి సంఘం వారు సావనీరుకు ఏదైనా రాసిమ్మన్నారు. "సార్, ఈసారి ఫిజిక్సు వద్దు, మీ జీపు గురించి రాయండి" అని షరతు కూడా పెట్టారు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినా నా పేరు తెలియని కుర్రాళ్ళు, "ఆ డొక్కు జీపు అయివారా?" అంటే మాత్రం వెంటనే గుర్తుపడుతున్నారు. కాబట్టి ఆ డొక్కు సంగతే చెబుతాను.

రిటైరయ్యాక మా దంపతులకు ఒక కోరిక మిగిలింది. మైపాడుకో, కొత్తకోడూరుకో పొద్దున పోయి, మరమరాలు తిని, చీకటి పడకముందే తిరిగిరావడం నెల్లూరు వాళ్ళందరికీ అలవాటే. అట్లా కాకుండా, ఉత్తరాన రామాయపట్నం మొదలుకొని దక్షిణాన తూపిలిపాళెం దాకా ఒక్కో రాత్రి ఒక్కో చోట ఆగుతూ, బండిలోనే వండుకుని, బండిలోనే పడుకుంటూ పోవాలని మా ఆశ. ఇసుక దారులకు, చవిటి నేలలకు మామూలు కారు పనికిరాదు. నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి.

ఇంగ్లండులో ఉన్న మా మేనల్లుడు ఈ మాట విని, "మామయ్యా, పాత ల్యాండ్ రోవర్ ఒకటి కొని ఓడలో పంపిస్తా" అన్నాడు. ల్యాండ్ రోవర్ 1948లో పుట్టింది. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఉక్కు కరువు కావడంతో దాని ఒంటికి అల్యూమినియం మిశ్రమం వాడారు. ఉప్పుగాలికి అది మంచిదేనని నేనూ ఉబలాటపడ్డాను. తీరా రూలు పుస్తకం తిరగేస్తే, వాడిన కారు మన దేశానికి రావాలంటే తయారై మూడేళ్ళు దాటకూడదట. మరీ పాతకాలపు వింటేజి బండ్లకు మినహాయింపు ఉంది గానీ, సుంకం బండి వెలను మించిపోతుంది. పెన్షనుదారుకు అది అందని పండు.

అప్పుడు మా ఆవిడ అంది: "సీమ నుంచి తెప్పించడం ఎందుకండీ? మా ఇంట్లో ఎనభై ఏళ్ళ కిందటే దిగుమతి అయింది ఒకటి పడి ఉంది గదా!"

నిజమే. గూడూరు వైపు మా అత్తగారి వాళ్ళకు ఒకప్పుడు అభ్రకం గని ఉండేది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలిపోయిన జీపులను డిస్పోజల్స్ కింద అమ్మితే, వాళ్ళ పెద్దాయన ఒకటి కొన్నారు. గని మూతపడ్డాక అది కొట్టంలో కోళ్ళకు గూడైంది. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి మంచి ధరే పెడతానన్నాడు. మా బావమరిదికి డబ్బు అవసరమూ ఉంది. అయినా అతను ఆలోచించి, "బావా, తాత బండి. దాన్ని ఎక్కడా కొయ్యనని మాటిస్తే నువ్వే తీసకబో. కోసేదయితే ఆయనకే అమ్ముకుంటా" అన్నాడు. మాటిచ్చాను. కొయ్యకుండా బండిని ఇల్లు చేయడం ఎట్లాగో అప్పటికి నాకు తెలియదు.

ఈ జాతి జీపులు 1941 నుంచి 1945 దాకా విల్లిస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి దాదాపు 6 లక్షల 40 వేలు చేశాయి. 60 గుర్రాల ఇంజను, 6 వోల్టుల కరెంటు, ఎడమవైపు స్టీరింగు, డ్రైవరు సీటు కిందనే పెట్రోలు ట్యాంకు. పొడవు మొత్తం పదకొండు అడుగులు. మా మేస్త్రి దాని చుట్టూ ఒకసారి తిరిగి, గుడ్డతో బోల్టు తల తుడిచి, "అయివారూ, ఇది విల్లిస్ అన్నారు గదా, బోల్టు మీద ఎఫ్ ఉండాది సూడండి" అన్నాడు. ఫోర్డ్ వారు తమ భాగాల మీద ఆ అక్షరం ముద్ర వేసేవారు. ఛాసిస్ విల్లిస్‌ది, సగం బోల్టులు ఫోర్డ్‌వి. సైన్యంలోనే ఎక్కడో రెండు బండ్లు కలిసి ఒకటైనట్టుంది. 1947 నుంచి మహీంద్రా వారు బొంబాయిలో విల్లిస్ జీపులను బిగించి అమ్మారు కాబట్టి, కావలసిన సామాన్లలో చాలా భాగం పాత ఇనుము దుకాణాల్లోనే దొరికాయి.

మేస్త్రికి డెబ్బై నాలుగేళ్ళు. చూపు తగ్గింది గానీ చెయ్యి తగ్గలేదు. వాల్వు సందును గేజి పెట్టకుండా వేలితో చెప్పి, తర్వాత నా తృప్తి కోసం గేజి పెట్టేవాడు. ఆయన కొడుకు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. ఈ పని నేర్చుకున్నవాళ్ళు ఆయన తర్వాత ఎవరూ లేరు. ఆ సంగతి తెలిసి మన కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు ఆదివారాలు వచ్చి, ఆయన విప్పిన ప్రతి భాగం కొలతా ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టారు.

నేల రేకు విప్పితే అసలు రోగం బయటపడింది. ఆ రేకు కింద బలానికి పెట్టిన డొల్ల ఛానళ్ళలో కర్ర ముక్కలు కూరి ఉంటాయి. కర్ర తేమను పీలుస్తుంది, రేకు లోపల్నుంచి తుప్పు పడుతుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కర్ర తీసేసి, ఛానళ్ళను అదే కొలతకు కొత్తగా వంచి, జింకు పూత పూయించాం. మైపాడు పడవల వాడొకడు చూసి, "నీళ్ళల్లో ఉండే ఇనుము కంటే, తడిసి ఆరే ఇనుమే ముందు సస్తది సామీ. ఇంటికి రాంగానే మంచినీళ్ళతో కడగండి" అన్నాడు. నేను తుప్పు గురించి క్లాసులో చెప్పిన దానికంటే ఆ ముక్క మేలు.

అందరూ డీజిలు ఇంజను పెట్టించమన్నారు. ఇక్కడ విద్యార్థి మిత్రులు ఒక సంగతి గమనించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ఇంజను మార్పుకు అనుమతి తీసుకోవచ్చు గానీ, అరవై గుర్రాలు బతికి ఉండగా వాటిని పాతిపెట్టడం నాకిష్టం లేకపోయింది. 2021లో వచ్చిన వింటేజి రిజిస్ట్రేషను తీసుకుందామా అంటే, ఆ నంబరు బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. మాకు కావలసింది అద్దాల బీరువాలో బొమ్మ కాదు. అందుకని పాత రిజిస్ట్రేషన్నే రెన్యువల్ చేయించాను.

ఇక పడక. చక్రాల గూళ్ళ ఎత్తున పలక వేస్తే, డాష్‌బోర్డు అడ్డమొచ్చి అయిదంగుళాలు చాలలేదు. మేస్త్రి వెనకవైపు రేకు చూపించి, "దీని తర్వాత వచ్చిన సివిలు జీపుకి ఈడ తలుపు ఉంటది. కోసి తలుపు పెడితే సరిపోద్ది, ఎవురికీ తెలీదు" అన్నాడు. గ్యాసు వెలిగించాడు కూడా. నేను ఏమీ అనలేదు. ఒక నిమిషం ఆగి ఆయనే ఆర్పేసి, "ఇచ్చిన మాటుండాది గదా" అని టీకి పోయాడు. మర్నాడు ఉపాయం తెచ్చాడు. కుడివైపు సీటు బోల్టులు విప్పి, పలకను ముందుకు వాలుగా దించితే కాళ్ళు డాష్‌బోర్డు కిందికి పోతాయి. ఆరడుగులు వచ్చింది! రెండో మనిషికి మడిచే నవారు మంచం, జీపు పక్కన టార్పాలిన్ పందిరి, దానికి రెండు సరుగుడు కర్రలు. వంటసామాను ఒక పెట్టెలో. నీళ్ళ డబ్బాకు మాత్రం వెనక సైన్యం వాళ్ళు పెట్టిన చోటే ఉంది. పెట్రోలు ట్యాంకు సీటు కిందే కాబట్టి పొయ్యి బండికి పదడుగుల దూరంలో. దీపానికి వేరే చిన్న బ్యాటరీ, సోలారు పలక. ఆరు వోల్టుల వైరింగు జోలికి పోలేదు. ఇదంతా పాత బెజ్జాలకే బిగించాం, కొత్త బెజ్జం ఒక్కటి వేయలేదు. విప్పితే అరగంటలో మళ్ళీ తాతగారి జీపే. మార్చక తప్పనివి పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం మాత్రమే. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాలు పాత రబ్బరును తినేస్తుంది.

టైర్లలో గాలి తగ్గిస్తే ఆనే వైశాల్యం పెరిగి, పీడనం తగ్గి, ఈ బండి మెత్తటి ఇసుక మీద కూడా పోతుంది. కుర్రాళ్ళు సముద్రం అంచున ఒక రౌండు కొట్టమంటారు. నేను ఒప్పుకోను. జనవరి నుంచి మార్చి దాకా మన ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెడతాయి. పైకి గుర్తు కనపడదు, చక్రం ఎక్కితే గూడు పోతుంది. దీపాల వెలుగుకు పిల్లలు సముద్రం అనుకుని ఎదురుదారి పడతాయి. అందుకే మేము సరుగుడు తోపు వెనకే ఆగి, ఎనిమిదింటికల్లా దీపం ఆర్పుతాం. బండికి శక్తి ఉందని ప్రతిచోటికీ తోలాలని లేదు. చేతిలో గ్యాసు కట్టరు ఉందని ప్రతిదీ కోయాలనీ లేదు.

కిందటి సంక్రాంతికి మా బావమరిది వచ్చి, వెనక రేకును వేళ్ళతో తడిమి చూసి, ఏమీ మాట్లాడకుండా ముందు సీట్లో కూర్చున్నాడు. కోడూరు దాకా పోయొచ్చాం. లీటరుకు ఏడు కిలోమీటర్లు వచ్చింది.

నోటుబుక్కు ఇప్పుడు నూట పన్నెండు పేజీలైంది. మేస్త్రి చెబుతుంటే కుర్రాళ్ళు రాసింది, బొమ్మలు కూడా ఉన్నాయి. దాని జెరాక్సు ఒకటి ఫిజిక్సు ల్యాబులో పెట్టించాను. ఆదివారాలు షెడ్డు తెరిచే ఉంటుంది. పాత బట్టలు కట్టుకుని రండి. స్పానరు పట్టుకోవడం మేస్త్రి నేర్పుతాడు.