గొడుగు వేసుకున్న తుంగ

మీ వసారాలోనో, బాల్కనీ మూలనో ఒక గొడుగు మొక్క ఉండే ఉంటుంది. అదేనండీ, పచ్చటి కాడ నిటారుగా లేచి, చివర గొడుగు ఊచల్లా ఆకులు విచ్చుకుంటాయే, అది. నర్సరీవాళ్ళు అంబ్రెల్లా పామ్ అని అమ్ముతారు. తాటికీ కొబ్బరికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అది తుంగ. మన పొలంగట్ల మీదా పెరట్లోనూ మొలిచే తుంగకు దాయాది. రెండూ సైపెరస్ వంశమే.

నమ్మకం కుదరకపోతే పెరట్లో తుంగకాడ ఒకటి తెంపి రెండు వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. సాఫీగా దొర్లదు, మూడు పలకలు తగులుతాయి. గొడుగు మొక్క కాడకూ ఆ పలకలున్నాయి, కాకపోతే కాస్త మొద్దుబారాయి. ఇంకో తమాషా, మనం ఆకులనుకునేవి అసలు ఆకులే కావు. పూలగుత్తి కింద ఉండే, ఆకుల్లాంటి పుచ్ఛాలు అవి. అసలు ఆకులు కాడ మొదట్లో చిన్న తొడుగులుగా మిగిలిపోయాయి. ఎండ పట్టుకుని వంట చేసే పనంతా ఆ గొడుగూ, ఆ కాడా చూసుకుంటాయి.

చోద్యం ఏమిటంటే, 1977లో ప్రపంచంలోని చెడ్డ కలుపుమొక్కల మీద ఒక పెద్ద పుస్తకం వచ్చింది. అందులో మొదటి పీట మన తుంగకే వేశారు. రైతు దాన్ని గడ్డలతో సహా తవ్వి గట్టున పారేస్తాడు. అదే వంశంలో మడగాస్కర్ వైపు నుంచి వచ్చిన పిల్లనైతే మనం డబ్బిచ్చి, కారు వెనకసీట్లో కూర్చోబెట్టి మరీ తెచ్చుకుంటాం. పొరుగింటి పుల్లకూర! తప్పు పట్టడం లేదు లెండి, ఆ పిల్ల అందంగానే ఉంటుంది. దీనికి నైలునది ఒడ్డున ఇంకో పెద్దక్క కూడా ఉంది, పపైరస్. పదిహేను అడుగులు దాటి పెరుగుతుంది. ఈజిప్టువాళ్ళు కాగితం చేసుకున్నది దానితోనే. మన బాల్కనీలకు అంత పొడవు అక్కర్లేదు, నాలుగైదు అడుగుల ఈ చెల్లెలే నయం.

ఇది తుంగ అని ఒప్పుకున్నారా, సగం పెంపకం వచ్చేసినట్టే. తుంగకు ఏం కావాలి? నీళ్ళు. మిగతా కుండీ మొక్కలన్నిటికీ 'ఎక్కువ పొయ్యకండి, వేరు కుళ్ళుతుంది' అని చెబుతాం కదా, ఆ మాట ఇక్కడ మర్చిపోండి. కుండీ కింద లోతైన పళ్ళెం పెట్టి నీళ్ళు నిలవ ఉంచండి. లేదా అడుగున చిల్లి లేని సిమెంట్ తొట్టిలో ఒండ్రుమట్టి నింపి అందులోనే నాటెయ్యండి. ఏప్రిల్, మే ఎండల్లో రెండు రోజులు ఊరెళ్ళి పళ్ళెం ఎండిపోయిందంటే గొడుగు అంచులు గోధుమరంగుకు తిరిగిపోతాయి. బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువున్నా అంతే. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళు దీనికి పొయ్యకండి, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళు మాత్రం భేషుగ్గా పనికొస్తాయి. ఎరువు అంటారా, ఎప్పుడైనా గుప్పెడు చివికిన పేడ ఎరువు చాలు.

నీళ్ళు నిలవ ఉంచమన్నాను, మీకు వెంటనే దోమలు గుర్తొచ్చి ఉంటాయి. నిజమే, మన ఊళ్ళలో అది చిన్న సంగతి కాదు. వేసవిలో దోమ గుడ్డు పదిరోజుల లోపే రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. కాబట్టి వారానికొకసారి పళ్ళెం ఒంపెయ్యాలి. ఒంపితే సరిపోదు, పీచుతో తోమాలి కూడా. డెంగీ దోమ గుడ్లు పళ్ళెం అంచుకు అతుక్కుని, ఎండినా బతికే ఉంటాయి. ఇంత చాకిరీ ఎందుకనుకుంటే తొట్టిలో నాలుగు గప్పీ చేపలు వదలండి. అదీ కుదరకపోతే నీళ్ళు పైకి కనబడకుండా, మట్టి మాత్రం ఎప్పుడూ బురదగా ఉండేట్టు చూసుకోండి. నా ఓటు చేపలకే. పిల్లలకు కాలక్షేపం కూడానూ.

ఇక అసలు వినోదం, పిలకలు తియ్యడం. మందార కొమ్మ గుచ్చినట్టు దీని కాడ కోసి మట్టిలో గుచ్చితే కుళ్ళి ఊరుకుంటుంది. ఎందుకంటే కాడ పొడుగునా ఎక్కడా కణుపు లేదు, మొగ్గా లేదు. మొగ్గలన్నీ తలలో, ఆ గొడుగు ఊచల మొదళ్ళలో దాక్కుని ఉంటాయి. అందుకని తలతోపాటు రెండు మూడు అంగుళాల కాడ ఉంచి కొయ్యండి. ఊచలను సగానికి కత్తిరించండి. గ్లాసు నీళ్ళలో తలకిందులుగా వెయ్యండి, తల నీళ్ళలో, కాడ పైకి. నీళ్ళు మారుస్తూ ఉంటే కొన్ని వారాల్లో ఊచల మధ్య నుంచి తెల్లటి వేళ్ళూ, బుల్లి మొక్కలూ బయల్దేరతాయి. పుట్టింట్లో ఏటి ఒడ్డున కాడ బరువుకు వంగి, తల నీళ్ళలో మునిగి, అక్కడే కొత్త మొక్క లేవడం దీనికి అలవాటే. మనం గ్లాసులో ఆ పని చేయిస్తున్నామంతే.

కణుపు లేదన్న సంగతి ఇంకోచోట కూడా పనికొస్తుంది. పసుపెక్కిన కాడను నడుముకు కత్తిరించి కొత్త చిగురు కోసం ఎదురుచూడకండి, రాదు. అడుగంటా కోసెయ్యండి, దుంప నుంచి కొత్తది లేస్తుంది. తెల్లచారల రకం కొనుక్కుంటే, నడుమ వచ్చే నిండు పచ్చకాడలను కూడా అలాగే కోసెయ్యండి. లేకపోతే కొన్నాళ్ళకు చారలన్నీ పోయి పచ్చదే మిగులుతుంది.

మీ పిల్లలు అమెరికాలో చలిప్రాంతంలో ఉండి ఇది పెంచుతుంటే, మంచు పడకముందే లోపలికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టమనండి. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం కాస్త అందకుండా. ఆ ఊచలు నమలడమంటే పిల్లులకు మహా సరదా.

రెండు మూడేళ్ళకు దుంప కుండీని పగలగొట్టేంత పెరుగుతుంది. అప్పుడు బయటికి లాగి, పాత కత్తితో ముక్కలు కోసి విడివిడిగా నాటుకోవచ్చు. మిగిలినవాటిని కాలవలోనో చెరువులోనో విసిరెయ్యకండి. హవాయిలోనూ ఆస్ట్రేలియాలోనూ ఇది తోటలు దాటి నీటిపట్టులకు పాకింది. ఊదారంగు పూలు బాగున్నాయని తెచ్చుకున్న గుర్రపుడెక్క మన చెరువులను ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం. మిగిలిన ముక్కలు కావాలేమో పక్కింటి వదినగారిని అడగండి. ఆవిడ వద్దంటే ముక్కలను ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి ఎరువుగుంటలో వెయ్యండి.