పెన్న ఎండ్రకాయలు, పులివెందుల ఊరిమిండి

కడప జిల్లాకు సముద్రం లేదు. అయినా ఎండ్రకాయల వేపుడు మన పల్లెవారికి కొత్త వంట కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రెండూ పెన్నానది ఒడ్డు పట్టణాలే. జమ్మలమడుగు దాటితే మైలవరం జలాశయం, దానికి ఎగువన గండికోట జలాశయం. గండికోటలో 26.85 టీఎంసీలు నిలువ చేయవచ్చు. కృష్ణా నీరు అవుకు మీదుగా అక్కడికి చేరుతుంది. ఆ నీటి కొరకు 2020లో తాళ్లప్రొద్దుటూరువారు ఇండ్లు విడిచారు. భోజనం ముందు కృతజ్ఞతలు చెల్లించునప్పుడు వారిని కూడ జ్ఞాపకం చేసికొందము.

ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు వెళితే అరటి, చీని తోటలు, చెనిక్కాయ చేలు. వేపుడులో నంజుకొనే ఊరిమిండికి మూలం ఆ చెనిక్కాయలే. వాటిని దోరగా వేయించి, పొట్టు తీసి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, చింతపండు, ఉప్పు చేర్చి రోటిలో నూరాలి. కొంచెం నీళ్లు కలిపి జారుగా చేస్తే ముక్క ముంచుకొని తినడానికి బాగుంటుంది.

ఎండ్రకాయలు ప్రాణంతో ఉన్నవే కొనండి. చచ్చినవి త్వరగా చెడిపోతాయి. పైచిప్ప, లోపలి మొప్పలు తీసి, కడిగి, పసుపు ఉప్పు వేసిన నీళ్లలో 15 నిమిషాలు బాగా ఉడికించండి. నీరు వార్చి, కారం, అల్లం తెల్లగడ్డల ముద్ద, కొంచెం బియ్యపుపిండి పట్టించి చెనిక్కాయ నూనెలో ఎర్రగా వేయించండి.

ఉడికించకుండా నేరుగా నూనెలో వేస్తే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండవచ్చు. మంచినీటి ఎండ్రకాయలలో ఊపిరితిత్తులకు చేరే ఒక పురుగు ఉండవచ్చు. దానివలన దగ్గు, కళ్లెలో రక్తం వస్తాయి. మణిపూర్ ప్రాంతంలో ఈ జబ్బును క్షయ అని పొరబడి, క్షయ మందులు వాడిన రోగులున్నారు. తిన్న తరువాత దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి. అట్టివారికి మరల పెట్టకూడదు.

లేవీయకాండము 11వ అధ్యాయం ప్రకారం రెక్కలు, పొలుసులు లేని జలచరాలు ఇశ్రాయేలీయులకు నిషిద్ధం. గనుక ఇవి తినవచ్చునా అని సంఘంలో కొందరు అడుగుతారు. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలోని పేతురు దర్శనమును, రోమా పత్రిక 14వ అధ్యాయమును కలిపి చదవండి. తినేవారు తిననివారిని చులకన చేయరాదు, తిననివారు తినేవారికి తీర్పు తీర్చరాదు. వాగులో పట్టుకొన్న ఎండ్రకాయలే ఆ పూట కూరగా గల పేద ఇల్లు మన సంఘాలలో ఉంది. ఆ ఇంటి సంగటి పళ్లెం ముందు ముఖం త్రిప్పుకొనక కూర్చుందము.