కంప్యూటరులో ఇంటిదొంగ

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దల మాట. ఆ మాట పుట్టిన నాటికి ఇంటి సొత్తు అంటే ధాన్యపు గాదెలు, నగల పెట్టెలు, మహా అయితే గోడలోని రహస్యపు అరలు. నేడు మన సొత్తులో అధికభాగం కంటికి కనిపించదు. పిల్లల విద్యార్హత పత్రాలు, బ్యాంకు ఖాతా వివరాలు, ఆధార్ కార్డు ప్రతులు, ఆత్మీయుల లేఖలు, ఛాయాచిత్రాలు అన్నీ బల్ల మీది ఒక పెట్టెలో అణిగి ఉన్నాయి. ఆ పెట్టెలో దూరి, మనం ఏది చదువుతున్నామో, ఏది వెదకుతున్నామో, ఏ అక్షరాలు నొక్కుతున్నామో గమనించి, ఆ వార్తలను ఎక్కడో ఉన్న యజమానికి చేరవేసే సాఫ్ట్‌వేరునే స్పైవేరు అంటారు. మన భాషలో గూఢచారి అనవచ్చు. ఈ గూఢచారిని పట్టుకోవడం కష్టం. పట్టుకొన్న తరువాత వెళ్లగొట్టడం మరింత కష్టం. అది ఎవరి వల్ల వచ్చినదో న్యాయంగా నిర్ణయించడం అన్నిటికంటే కష్టం. ఈ మూడవ విషయమే నన్ను ఈ వ్యాసరచనకు పురికొల్పింది.

మా నివాసం పీర్జాదిగూడలో. ఉప్పల్ దాటి వరంగల్లు రహదారి మీద తూర్పుగా సాగితే, మూసీనదికి చేరువలో మా ఊరు వస్తుంది. పీర్జాదా అనే పారశీక పదానికి మన గూడ తోడై ఏర్పడిన పేరు అది. పేరులో వలెనే వీధిలో కూడా రెండు భాషలు ఇరుగుపొరుగుగా మసలుతుంటాయి. మా పక్కింటి చాచా ఉర్దూ, తెలుగు భాషలలో పెళ్లి శుభలేఖలు కూర్చి ముద్రణాలయాలకు పంపుతూ సంసారం నడుపుతున్నారు. వారి కుమార్తె బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్నది. లెక్కల పద్దులు వ్రాసే అభ్యాసం, ఉపకారవేతనపు దరఖాస్తు, పరీక్ష రుసుము చెల్లింపు, ఈ పనులన్నిటికీ ఆ ఇంట ఉన్నది ఒకే ఒక కంప్యూటరు. తండ్రికి అది జీవనోపాధి, కుమార్తెకు అది విద్యాసాధనం.

2025వ సంవత్సరం ఈద్ పండుగ గడచిన కొద్దిరోజులకు ఆ కంప్యూటరు వింతగా ప్రవర్తించసాగింది. బ్రౌజరు తెరిస్తే ఎన్నడూ చూడని పుట ప్రత్యక్షమయ్యేది. ఒకటి వెదకితే వేరొకటి కనిపించేది. పని లేని సమయంలో కూడా లోపలి పంకా రొదచేస్తూ తిరిగేది. ఒక మూల నుండి అసభ్యమైన ప్రకటనలు తొంగిచూసేవి. చాచా కనిపించిన ప్రతిదాన్నీ తొలగించారు. మరునాడు ఉదయానికి అన్నీ యథాస్థానంలో ఉన్నాయి. ఇక ఇంట్లో విచారణ మొదలైంది. అసభ్య ప్రకటనలు కనిపించడంతో అనుమానం సహజంగానే చిన్నదాని మీదికి పోయింది. "రోజంతా దాని ముందు కూర్చునేది ఇదే. ఏవేవో తెరచి ఉంటుంది. ఇక ముట్టవద్దన్నాను" అని చాచా నాతో అన్నారు. ఆ అమ్మాయి బదులు చెప్పలేదు. ఉపకారవేతనపు దరఖాస్తుకు గడువు దగ్గరపడుతున్నదని మాత్రం చాచీ మెల్లగా అన్నారు.

బి.యస్సీ. కంప్యూటర్స్ విద్యార్థినైన నన్ను చాచా పిలిచి, "బేటా, ఎన్నిసార్లు తీసినా మళ్లీ వస్తున్నది. దీనికి పిశాచం గానీ పట్టిందా?" అని అడిగారు. పిశాచాలకు కారణాలు ఉండవు. కంప్యూటరులో జరిగే ప్రతి పనికీ కారణం ఉంటుంది, చాలాసార్లు తేదీ కూడా ఉంటుంది. ఈ నమ్మకంతోనే పనికి పూనుకొన్నాను.

మొట్టమొదట ఇంటర్నెట్టు సంబంధం తెంచివేశాను. గూఢచారికి వార్త పంపే దారి, కొత్త ఆజ్ఞలు అందుకొనే దారి అదే కనుక. ఆ యంత్రం మీద ఏ పాస్‌వర్డూ కొట్టరాదని ఇంటిల్లిపాదికీ చెప్పాను. మీటల చప్పుడు వినే శత్రువు ఎదుట తాళం మార్చితే కొత్త తాళంచెవి కూడా వాడికి ఇచ్చినట్లే. అటుపిమ్మట శుభలేఖలు, ఛాయాచిత్రాలు, దరఖాస్తు పత్రాలు వేరొక డ్రైవులోకి ఎక్కించాను. ప్రోగ్రాములను మాత్రం ఎక్కించలేదు. దొంగ వాటి వెంట రావచ్చు. బ్రౌజరుకు అంటుకొన్న అనవసరపు అనుబంధాలను తొలగించి, ప్రకటనలు చూపడానికి ఏయే చోట్లకు అనుమతి ఉన్నదో చూచి, ఆ అనుమతులు రద్దుచేశాను. కంప్యూటరును ఆపి, తిరిగి వెలిగించి చూస్తే చాచా చెప్పినట్లే అంతా మళ్లీ వచ్చింది.

మొండి స్పైవేరు స్వభావం ఇక్కడే తెలుస్తుంది. అది ఒంటరిగా రాదు. ఒకటి మన కంట పడేది, మరొకటి చాటున ఉండి మొదటిది చస్తే తిరిగి బ్రతికించేది. విండోస్‌లో నియమిత వేళకు పనులు చేయించే టాస్క్ షెడ్యూలరు అనే విభాగం ఉన్నది. యంత్రం వెలిగిన ప్రతిసారీ తనను లేపుమని గూఢచారి అక్కడ ఒక ఆజ్ఞ వ్రాసిపెట్టుకొంటుంది. బ్రౌజరు గుర్తు వెనుక దాగిన చిరునామా చివర తన పుట చిరునామాను అతికిస్తుంది. రిజిస్ట్రీ అనే మూలపట్టికలో తన పేరు చేర్చుకొంటుంది. కనుక కనిపించినదాన్ని చంపడం చికిత్స కాదు, తిరిగి వచ్చే దారిని మూయడమే చికిత్స.

ఈ విద్యకు ఒక చరిత్ర ఉన్నది. 1986లో లాహోరు నగరంలో బాసిత్, అమ్జద్ ఫారూఖ్ అల్వీ అనే సోదరులు వ్రాసిన బ్రెయిన్ అనేది ఐ.బి.యమ్. తరహా పర్సనల్ కంప్యూటర్లకు వ్యాపించిన తొలి వైరసుగా ప్రసిద్ధి చెందింది. తమ వైద్య సాఫ్ట్‌వేరును దొంగప్రతులు తీసేవారిని పట్టుకోవడానికే దాన్ని వ్రాశామని వారు చెప్పుకొన్నారు. అందులో తమ పేర్లు, చిరునామా, టెలిఫోను సంఖ్య కూడా ఉంచారు. నేటి గూఢచారికి అటువంటి నిజాయితీ లేదు. అది విండోస్ వారి సొంత భాగమేనన్నంత గౌరవప్రదమైన పేరు పెట్టుకొని కూర్చుంటుంది. 2003లో కూల్‌వెబ్‌సెర్చ్ అనే మొండి ఘటం లోకమంతా బ్రౌజర్లను ఆక్రమించినప్పుడు, దాని కొత్త కొత్త వేషాలను ఓపికగా వెంటాడి, దాన్ని తొలగించే సాధనాన్ని వ్రాసినవాడు మెరైన్ బెలెకోమ్ అనే హాలెండు దేశపు విద్యార్థి. అతని హైజాక్‌దిస్ అనే మరొక సాధనం తీర్పు చెప్పేది కాదు. యంత్రంలో ఏది ఎక్కడి నుండి లేస్తున్నదో పట్టీ వ్రాసి ముందుంచేది. ఏది దొంగ, ఏది దొర అన్నది మనిషే నిర్ణయించుకోవాలి. విద్యార్థి మిత్రులు ఈ పద్ధతిని గమనించాలి. ముందు సాక్ష్యం, తరువాత తీర్పు!

నేనూ ఆ మార్గమే అనుసరించి, ఒక కాగితం తీసుకొని వ్రాయసాగాను. యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచాను. అవసరమైన భాగాలు మాత్రమే లేచే ఆ స్థితిలో చాటునున్న కాపలాదారు సాధారణంగా నిద్రలోనే ఉంటాడు. ప్రోగ్రాముల పట్టికను స్థాపించిన తేదీల వరుసలో పేర్చాను. టాస్క్ షెడ్యూలరులో విండోస్ నవీకరణ పేరు పెట్టుకొన్న ఒక అపరిచిత ఆజ్ఞ దొరికింది. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అనే రక్షక సాఫ్ట్‌వేరు దాన్ని ఎందుకు పట్టలేదో కూడా తెలిసింది. తనిఖీ చేయకూడని స్థలాల జాబితాలో ఒక ఫోల్డరు పేరు ఎవరో చేర్చి ఉన్నారు. కాపలావాడికి ఒక గది చూపి, అందులోకి తొంగిచూడవద్దని చెప్పినట్లున్నది వ్యవహారం. ఆ ఫోల్డరుకూ, ఆ ఆజ్ఞకూ, ఉర్దూ అక్షరాలు కూర్చే ఒక సాఫ్ట్‌వేరు దొంగప్రతికీ తేదీ ఒక్కటే. రంజాన్ నెల చివరి వారంలోని ఒక రాత్రి అది.

ఆ తేదీ చదివి వినిపించగానే చాచీ అన్నారు: "ఆ రోజు అమ్మాయి ఇంట్లోనే లేదు. భువనగిరిలో నానీ ఇంట ఉన్నది." చాచా కొంతసేపు మాట్లాడలేదు. ఈద్ తరువాతి పెళ్లిళ్ల శుభలేఖలు వరుసగా వస్తున్న ఆ రోజులలో, పాత సాఫ్ట్‌వేరు పనిచేయక, మరమ్మతు చేసే ఒక కుర్రవాణ్ణి ఇంటికి పిలిపించారట. అతడు ఉచితంగా వేసిపెడతానని, అందుకు రక్షక సాఫ్ట్‌వేరు కాస్త ఆపవలసి ఉంటుందని చెప్పి, ఆ పని చేసి వెళ్లాడట. చాచా లేచి, లోపలి గది గడప దగ్గరకు వెళ్లి, "బేటీ, దరఖాస్తు పని చూసుకో. బాగుచేయడం అయిపోగానే ముందు నీవే కూర్చో" అన్నారు. క్షమాపణ అనే పదం ఆయన వాడలేదు. వాడనవసరం కూడా రాలేదు.

మిగిలిన పని యంత్రానిది. దొంగప్రతిని, దొంగ ఆజ్ఞను తొలగించి, మినహాయింపుల జాబితాను ఖాళీచేశాను. డిఫెండర్ ఆఫ్‌లైన్ అనే తనిఖీని నడిపాను. ఇది విండోస్ పూర్తిగా లేవకముందే జరిగే తనిఖీ. సుమారు 15 నిమిషాలు పడుతుంది. అయినప్పటికీ బ్యాంకు వ్యవహారాలు నడిచే యంత్రం కనుక అంతటితో తృప్తిపడలేదు. పరిశుభ్రమైన వేరొక కంప్యూటరులో విండోస్ స్థాపనకు పెన్‌డ్రైవు సిద్ధంచేసి, పాతదంతా తుడిచి, కొత్తగా నెలకొల్పాను. మీటలు గమనించే గూఢచారి ఉన్నదన్న శంక కలిగినప్పుడు నిశ్చింతనిచ్చే మార్గం ఇదే. ఆ తరువాత బ్యాంకు, ఈమెయిలు పాస్‌వర్డులు మార్చి, అన్నిచోట్లా పాత ప్రవేశాలను రద్దుచేసి, రెండంచెల ధ్రువీకరణ అమర్చాము. దరఖాస్తు గడువులోపలే వెళ్లింది.

గూఢచారి ప్రవేశించిన అసలు ద్వారం ఏది? దుర్బుద్ధి కాదు, అవసరం. భాషాసేవ చేసే చిన్న సంపాదనాపరుడు ఖరీదైన సాఫ్ట్‌వేరు కొనలేక దొంగప్రతిని ఆశ్రయిస్తాడు. ఆ అవసరాన్ని తీర్చకుండా ద్వారం మూయబడదు. ఇది తీరని అవసరం కూడా కాదు. విండోస్‌లోనే ఉర్దూ, తెలుగు కీబోర్డులు ఉన్నాయి. నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే అందమైన అక్షరరూపం ఉచితంగా లభిస్తుంది. తెలుగులో తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అక్షరరూపాలను ఉచితంగానే లోకానికి అందించారు. లిబ్రే ఆఫీస్ వంటి సాఫ్ట్‌వేరుకు వెల లేదు. చాచా మొదట సణిగినా, ఇప్పుడు వీటితోనే శుభలేఖలు కూర్చుతున్నారు.

చట్టం కూడా మన పక్షాన ఉన్నది. కె.యస్. పుట్టస్వామి అనే విశ్రాంత న్యాయమూర్తి దాఖలుచేసిన వ్యాజ్యంలో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల ప్రకారం, అనుమతి లేకుండా ఒకరి కంప్యూటరులో ఇటువంటి వాటిని దురుద్దేశంతో చొప్పించడం మూడేండ్ల వరకు కారాగార శిక్షకు అర్హమైన నేరం. ధనం పోయినట్లయితే 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం శుభ్రపరచే సాధనాలను ఉచితంగా అందిస్తున్నది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఏటా ఒక ఆదివారం మన కంప్యూటరు ప్రయోగశాలను ఇరుగుపొరుగు వారికి తెరచి, వారి ఇంటి యంత్రాలను విద్యార్థుల చేత పరీక్షింపజేసి, ఉచితమైన ఉర్దూ, తెలుగు సాధనాలను అమర్చి పంపితే, మన చదువుకు ఒక సార్థకత ఏర్పడుతుంది. విద్యార్థి మిత్రులకు మరొక మాట. ఇంట్లో కంప్యూటరు చెడినప్పుడు తప్పు అందరికంటే చిన్నవారి మీదో, అమ్మాయిల మీదో పడటం మనం చూస్తూనే ఉన్నాం. ఆ నింద ఒక చదువునే ఆపివేయగలదు. కనుక మరమ్మతుకు వెళ్లినప్పుడు దొంగను వెళ్లగొట్టి ఊరుకోకండి. తేదీ చూడండి, పట్టీ వ్రాయండి, నిర్దోషి ఎవరో కూడా చెప్పి రండి.